కడుగుడు లెక్కలోకి రాదు

ఆ మిల్లుకి యజమాని వేరే ఉన్నాడు. కాగితాల మీద సంతకం ఆయనది, గేటు మీద పేరు ఆయనది. కానీ పొద్దున ఆరున్నరకి తొట్ల షెడ్డులో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ ముందు చూసేది బోర్డక్క చేతిలో సుద్దముక్క వైపే.

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ మిల్లులో దాని అవసరం ఎవరికీ పడలేదు. ఈ రోజు ఏ గుడ్డ ఏ తొట్టిలో దేని తర్వాత పడాలో గోడకున్న నల్లబోర్డు మీద రాసేది ఆవిడ. పంతొమ్మిదేళ్ళుగా రాస్తోంది. అందుకని బోర్డక్క. వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే అంటారు, ఒక్క తొట్టి మేస్త్రి తప్ప. ఆయనకి మాత్రం చెల్లెమ్మ.

ఆమె విద్య చెప్పుకోడానికి పెద్దదేమీ కాదు. లేతది ముందు, ముదురుది వెనక. షెడ్డులో మూడు తొట్లు: అరవై తాన్ల గుడ్డ పట్టే పెద్దది, ఇరవై పట్టే నడిపిది, అయిదు పట్టే చిన్నది. పొద్దున మీగడ రంగుతో మొదలుపెట్టి పసుపు, గులాబి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం దాటుకుంటూ సాయంత్రానికి నలుపు దగ్గర తేలాలి. పసుపు వేసిన తొట్టిలో ఎరుపు వేస్తే పసుపు చప్పుడు చేయకుండా ఎరుపులో కలిసిపోతుంది. ఎరుపు వేసిన తొట్టిలో పసుపు వేయాలంటే మరిగే నీళ్ళూ సోడా పోసి రెండున్నర గంటలు తోమాల్సిందే. అందుకే ఆమె చేతి కింద రోజుకి ఒక్కటే కడుగుడు, నలుపు దిగాక. ఇంకో మాట కూడా ఉంది. ఒక ఆర్డరు ఎన్ని తాన్లున్నా ఒకే వాయిలో వేయాలి. రెండు వాయిలు వేస్తే రెండు రంగులొస్తాయి, రంగు పొడి ఒకే డబ్బాలోది అయినా సరే.

మధ్యాహ్నం మీగడ రంగు పట్టుకొచ్చినవాడు రేపు పొద్దుటిదాకా ఆగాలి. సణుగుతాడు. అయినా రేపు వాడి పని అయిపోతుంది. ఆమె తారీఖు చెప్పిందంటే ఆ తారీఖుకి గుడ్డ తొట్టిలో ఉంటుంది. చుట్టాలని ముందుకి జరపడం ఆమె ఒంట్లో లేదు. సొంత కొడుకు గది కర్టెన్లు పదకొండు రోజులు గోదాములో పడున్నాయి. వాడు అన్నాళ్ళూ ఎండ మొహానికి కొడుతుంటే కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకున్నాడు. ఆ సంగతి ఆమె కొంచెం గర్వంగానే చెప్పుకునేది.

అలాంటి మనిషి, కిందటి నెలాఖరున, తన ఆడపడుచుకి మాటిచ్చింది.

ఆడపడుచంటే భర్తకి అక్క. ఈమెకి వదిన. కుట్టుమిషన్లు పన్నెండు పెట్టుకుని, పన్నెండు మంది ఆడవాళ్ళ చేత బట్టలు కుట్టిస్తుంది. నోరు మంచిదని ఎవరూ అనరు గానీ కుట్టు మంచిదని అందరూ అంటారు. ఆవిడకి ఒక ఆసుపత్రి సిబ్బంది దుస్తుల పని దొరికింది. అరవై తాన్లు, ముదురు నీలం. వచ్చే నెల ముప్పయ్యో తారీఖుకి కుట్టి అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే పని ఇంకొకరికి పోతుంది, పన్నెండు మిషన్లూ మూతపడతాయి, పన్నెండు మందీ ఇంటికి పోతారు.

"ఎనిమిదో తారీఖున తొట్టిలో ఉంటుంది వదినా," అంది బోర్డక్క.

"మాటేనా?" అంది వదిన.

"నేను బోర్డు మీద రాసి చెరిపింది ఎప్పుడైనా చూశావా?"

చూడలేదని వదిన ఒప్పుకుంది. ఆవిడ ఏదైనా ఒప్పుకోవడం అరుదు.

ఒకటో తారీఖున చిన్నల్లుడు దిగాడు.

యజమానికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దల్లుడికి సొంత పనుంది. చిన్నల్లుడికి చదువుంది. ఏ పనీ చేయకుండా పనులన్నీ ఎలా చేయించాలో నేర్పే చదువు. మంచివాడే, ఎవరినీ పేరుపెట్టి తిట్టడు, పలకరిస్తే నవ్వుతాడు. ఒక మనిషి మిల్లుని ముంచడానికి చెడ్డవాడే కానక్కర్లేదు. చేతిలో ల్యాప్‌టాపు, ఒంటి మీద ఒక్క మరక లేని తెల్లచొక్కా. రంగుల మిల్లులో తెల్లచొక్కా వేసుకుని తిరిగేవాడు ఏ తొట్టికీ మూరెడు దూరంలోకి రాడని మేస్త్రికి ఆ రోజే అర్థమైంది.

చిన్నల్లుడు అందరినీ నిలబెట్టి పాఠం చెప్పాడు.

"పది మంది వరసలో ఉన్నారనుకోండి. ఒకడికి గంట పని. తొమ్మిది మందికి అయిదేసి నిమిషాల పని. గంటవాణ్ణి ముందు పంపితే తొమ్మిది మంది గంటసేపు నిలబడాలి. తొమ్మిది మందిని ముందు పంపితే ఆ ఒక్కడు ముప్పావుగంట ఆగుతాడు, అంతే. కాబట్టి ఇవాళ్టి నుంచి పొట్టి పని ముందు."

బోర్డక్కకి ఇందులో తప్పేమీ కనిపించలేదు. నిజానికి బాగానే ఉందనిపించింది. ఒక్క సందేహం మాత్రం అడిగింది.

"ఆ ఒక్కడు నిలబడి ఉండగానే ఇంకో తొమ్మిది మంది వస్తేనో, బాబూ?"

"వాళ్ళూ ముందే."

"ఆ తర్వాత ఇంకో తొమ్మిది మంది వస్తేనో?"

"అమ్మా, మీరు మరీ విడ్డూరంగా ఆలోచిస్తున్నారు," అని నవ్వాడు చిన్నల్లుడు. మిగతావాళ్ళు కూడా నవ్వారు, నవ్వకపోతే బాగుండదని.

కొత్త చీటీలు వచ్చాయి. ఒక్కో పనికి ఒక్కో చీటీ. చీటీ మీద మూడు గళ్ళు: తాన్లు, రంగు, గంటలు. చీటీలోవి ల్యాప్‌టాపులో కొడితే అది పొట్టి నుంచి పొడుగుకి వరస పేర్చి ఇస్తుంది. బోర్డక్క చీటీని తిప్పి తిప్పి చూసింది.

"కడుగుడుకి గడి లేదు బాబూ."

"కడుగుడు అద్దకం కాదు కదమ్మా. అది శుభ్రత శాఖ కిందికి వస్తుంది. మన లెక్కలోకి రాదు."

"రెండున్నర గంటలు పడుతుంది."

"పట్టనివ్వండి. లెక్కలోకి రాదు."

ఆ మిల్లులో ముప్పై ఏళ్ళుగా రోజూ జరుగుతున్న పని అలా ఒక్క మాటతో మాయమైపోయింది. తొట్టి కడుగుతున్నంతసేపూ ల్యాప్‌టాపులో ఆ తొట్టి ఖాళీగా, సిద్ధంగా, ముచ్చటగా పచ్చరంగులో కనిపించేది.

ఇక చూడాలి ఆ వైభోగం. పొద్దున్నే పెద్ద తొట్టిలో రెండు తాన్ల నలుపు. ఎందుకంటే అది పొట్టి పని. దాని వెనక ఒక్క తాను మీగడ రంగు. మధ్యలో కడుగుడు. తర్వాత ఎరుపు, తర్వాత లేత పసుపు, మధ్యలో కడుగుడు. అరవై తాన్లు మింగే తొట్టి అడుగున ఒక్క తాను పడుకుని ఉంటే, మేస్త్రి పొడుగు కర్రతో దాన్ని వెతికి వెతికి తిప్పేవాడు. రోజుకి ఒక కడుగుడు తొమ్మిదైంది. తోమేవాళ్ళ చేతులు బొబ్బలెక్కాయి. ఓపిక చాలక ఆఖరు కడుగుళ్ళు రెండు చెంబులు గుమ్మరించి అయిందనిపించేవాళ్ళు.

ఆర్డర్లు పట్టుకొచ్చేవాళ్ళు తెలివైనవాళ్ళు. పొట్టి పని ముందు పోతుందని తెలిసిన మూడోరోజుకల్లా ఎనిమిది తాన్ల గులాబిని ఎనిమిది చీటీలు చేసి తెచ్చారు. చూసి పక్కవాడు తన పన్నెండు తాన్లని పన్నెండు చేశాడు. ఒక మహానుభావుడు అరతాను చీటీ కూడా రాశాడు.

గేటు దగ్గర పెద్ద అంకె వేలాడదీశారు. సగటు ఎదురుచూపు. మొదటి వారం నాలుగు రోజులు, రెండో వారం రెండున్నర. యజమాని కారు దిగినప్పుడల్లా అల్లుడు ఆయన్ని ఆ అంకె దగ్గర ఆపేవాడు. మామగారు తలూపేవారు.

వదిన చీటీ అడుగున ఉంది. అరవై తాన్లు, ముదురు నీలం, తొమ్మిది గంటలు. మిల్లు మొత్తంలో అంత పొడుగు పని ఇంకొకటి లేదు. దాని పైన, ఒక్కరోజు ముందు వచ్చిన నాటకశాల తెరల పని, యాభై తాన్లు. ఇంకా అలాంటివే అయిదారు. ప్రతి పొద్దునా కొత్త పొట్టి చీటీలు వచ్చి వాటి నెత్తిన కూర్చునేవి.

ఎనిమిదో తారీఖు వచ్చింది, పోయింది. తొమ్మిదో తారీఖు నుంచి వదిన రోజూ పొద్దున వచ్చి గేటు పక్క బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. చేతిలో ఒక కత్తెర. కత్తిరించడానికి గుడ్డ లేదు, ఉత్తినే తెరిచి మూసేది.

"ఏమ్మా మరదలా, ఎనిమిది ఏ నెలలో వస్తుంది మీ మిల్లులో?"

"వరస మారింది వదినా. నా చేతిలో లేదు."

"చేతిలో సుద్దముక్క కనిపిస్తోందే."

"ల్యాప్‌టాపులో వచ్చింది చూసి రాయడానికే."

"అయితే మాటిచ్చింది నువ్వా, ల్యాప్‌టాపా?"

బోర్డక్క షెడ్డులోకి నడిచింది. ఇంట్లో భర్త సంగతి ఇంకా కష్టం. అక్క మాటకీ పెళ్ళాం మాటకీ మధ్య నలిగి, ఆ వారమంతా కంచంలోకి చూస్తూ తిని కంచంలోకి చూస్తూ లేచాడు.

పన్నెండో తారీఖున ఆమె చిన్నల్లుడి గదికి వెళ్ళింది.

"బాబూ, పొడుగు పనులు ఏడు అడుగున పడి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. మరి సగటు అంత తక్కువ ఎలా వస్తోంది?"

"పూర్తయిన పనులకే సగటు కడతాం. పూర్తికాని పని ఎంతసేపు ఆగిందో ఎలా చెబుతాం? ఇంకా ఆగుతూనే ఉందిగా."

"అంటే ఎప్పటికీ చేయకపోతే..."

"సగటు చెడదు," అన్నాడు చిన్నల్లుడు. అని, తనలో తాను ఇంకాస్త ముందుకి వెళ్ళాడు. "నిజానికి ఇప్పుడు చేస్తేనే చెడుతుంది. పదిహేను రోజులు ఆగిన పని ఈ నెల లెక్కలో పడితే అంకె ఎక్కడికో పోతుంది."

బోర్డక్క గుడ్లప్పగించి చూసింది. ఆలస్యమైన పని ఆలస్యమైంది కాబట్టే ఇంకా ఆలస్యం చేయాలని ఒక చదువుకున్న మనిషి, పూర్తి తెలివిలో ఉండి, చల్లగా చెబుతున్నాడు.

"ఆ నీలం ఆర్డరు మీ వదినగారిదట కదా?" అన్నాడు అతను, అంతే చల్లగా. "అందుకని అడుగుతున్నారేమో."

పంతొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమెని ఎవరూ అనలేదు. చెంప మీద కొట్టినట్టయింది. బయటికి వచ్చేసింది. బోర్డు ముందు నిలబడితే అక్షరాలు మసకగా కనిపించాయి.

మర్నాడు నల్లబోర్డు పీకేసి దాని చోట ల్యాప్‌టాపులోది కనిపించే పెద్ద తెర బిగించారు. మేకులు ఊడదీసిన చోట గోడ తెల్లగా మిగిలింది. చిన్నల్లుడు ఆమెని పిలిచి, చాలా మర్యాదగా, మీ అనుభవం వృథా కాకూడదని, శుభ్రత శాఖ మొత్తం మీకే అప్పగిస్తున్నానని చెప్పాడు. అంటే చీపుళ్ళు, సోడా బస్తాలు, తొట్ల కడుగుడు.

"నీలం ఆర్డరు సంగతి కూడా ఆలోచించానమ్మా," అన్నాడు వెనకనుంచి. "మీరు బాధపడ్డారు కదా. అరవై తాన్లు ఒకే పని ఎందుకు కావాలి? అరవై చీటీలు చేశాను. ఒక్కోటి ఒక్క తాను. తారీఖు కూడా ఇవాళ్టిదే పడింది, సగటుకి దెబ్బ లేదు. రేపట్నుంచి అన్నిటికన్నా ముందు అవే."

ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. "అరవై వాయిలు వేస్తే అరవై నీలాలు వస్తాయి బాబూ."

"నీలం నీలమే కదమ్మా. అన్నిటికీ రంగు నంబరు ఒకటే ఇచ్చాం."

నంబరు ఒకటే. గుడ్డకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? మూడు రోజుల్లో, మూడు తొట్లలో, అరవై తాన్లూ అరవై సార్లు మునిగి లేచాయి. కొన్ని గులాబి తర్వాత, కొన్ని పసుపు తర్వాత, కొన్ని నలుపు దిగాక రెండు చెంబుల నీళ్ళు చూసిన తొట్టిలో. పదహారో తారీఖు సాయంత్రం గేటు మీద అంకె ఒకటింపావుకి దిగింది. మిల్లు చరిత్రలో అంత తక్కువ లేదని చిన్నల్లుడు అందరికీ మిఠాయి పంచాడు.

పదిహేడున పొద్దున్నే ఆ తాన్లు వదిన ఇంటి ముందు దిగాయి. బోర్డక్క వెంట వెళ్ళింది. వెళ్ళకుండా ఉండే మొహం లేదు, వెళ్ళే మొహం అంతకన్నా లేదు. తాన్లు ఒక్కొక్కటీ విప్పి అరుగు మీద పరిచారు. ఒకటి నెమలి మెడ. ఒకటి సిరా మరక. ఒకటి వంకాయ. ఇంకొకటి నీలమని ఒట్టేసి చెబితే తప్ప నమ్మేట్టు లేదు. పన్నెండు మంది ఆడవాళ్ళూ మిషన్ల దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడ్డారు.

వదిన అరుస్తుందని బోర్డక్క అనుకుంది. అరిచినా బాగుండేది. వదిన రెండు తాన్ల అంచులు పట్టుకుని పక్కపక్కన పెట్టి చూసింది.

"చొక్కా ఒక రంగు, జేబు ఒక రంగు, చేతులు ఒక రంగు," అంది మెల్లగా. "రేపు సాయంత్రానికి గుడ్డ చేతికొస్తే పన్నెండు రోజులుంటాయి. అందరం రెండు పూటలా కూర్చుంటే అవుతుంది. లేకపోతే వీళ్ళకి నేను వేరే పని చూసుకోమని చెప్పాలి. ఇవాళే చెప్పనా, రేపు చెప్పనా?"

"రేపు సాయంత్రం దాకా చెప్పకు," అంది బోర్డక్క. ఎందుకంటోందో ఆమెకే తెలీదు.

దీనికి మందు లేకపోలేదు. అరవై తాన్లూ కలిపి పెద్ద తొట్టిలో ఒకే వాయిగా ఇంకొక్క పిసరు ముదురు నీలంలో ముంచితే వంకాయా నెమలీ అన్నీ ఒక దారికి వస్తాయి. ఒక్కరోజు పని. తిన్నగా చిన్నల్లుడి దగ్గరికి వెళ్ళి అదే చెప్పింది.

"పాత పనులు అరవై పూర్తయిపోయాయమ్మా," అన్నాడతను. "మళ్ళీ వేయాలంటే అది కొత్త పని." చీటీ రాశాడు, ల్యాప్‌టాపులో కొట్టాడు. "అరవై తాన్లు. తొమ్మిది గంటలు. ఇదిగో, వరసలో నూట పదకొండోది."

ఆమె నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. అలాంటి మనిషి ముందు కోపం కూడా దండగే అనిపించింది.

షెడ్డు మూల సోడా బస్తా మీద కూలబడింది. ఎదురుగా నడిపి తొట్టి కడుగుతున్నారు. పైన తెర మీద ఆ తొట్టి పచ్చగా, సిద్ధంగా వెలుగుతోంది. లోపల ఇద్దరు మనుషులు మోకాళ్ళలోతు నురగలో ఉన్నారు, తెరకి వాళ్ళు లేరు. బోర్డక్క తెరని చూసింది. తొట్టిని చూసింది. మళ్ళీ తెరని చూసింది.

లేచి మేస్త్రి దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యా, రేపు పెద్ద తొట్టి కడగాలి."

"ఎంతసేపు చెల్లెమ్మా?"

"తొమ్మిది గంటలు."

మేస్త్రి కర్ర పక్కన పెట్టాడు. "ఏ నీళ్ళతో?"

"నీలం నీళ్ళతో."

రెండు వారాల్లో ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే. "బాగా మురికి పట్టింది, నేనూ చూస్తూనే ఉన్నాను," అన్నాడు.

ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. వరసలో నాటకశాల తెరలు వదిన పనికన్నా ఒకరోజు ముందొచ్చాయి. న్యాయంగా పెద్ద తొట్టి మొదట దక్కాల్సింది వాటికి. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె తన చుట్టాన్ని ముందుకి జరుపుతోంది, అదీ దొంగచాటుగా, చీపురుకట్ట మాటున. చిన్నల్లుడు అన్న మాట ఆ రోజు అబద్ధం. రేపు నిజం కాబోతోంది. సిగ్గుగా ఉంది. అయినా ఆ పన్నెండు మంది ఆడవాళ్ళ మొహాలు గుర్తొస్తే ఆ సిగ్గు పక్కకి తప్పుకునేది.

పద్దెనిమిదో తారీఖు ఏడింటికి శుభ్రత శాఖ పెద్ద తొట్టి కడుగుడు మొదలుపెట్టింది. వదిన బండిలో తిరిగి పంపిన అరవై తాన్లూ తొట్టిలోకి దిగాయి. మొత్తం షెడ్డులో ఆవిరి నీలంగా లేచింది. పదకొండింటికి చిన్నల్లుడు వచ్చి ఎప్పటిలాగే మూరెడు దూరంలో ఆగాడు.

"పెద్ద తొట్టికి ఇంకా కడుగుడేనా?"

"కడుగుడే బాబూ. అడుగున చాలా ఉంది."

అతను తెర వైపు చూశాడు. పెద్ద తొట్టి పచ్చగా, సిద్ధంగా ఉంది. పొట్టి చీటీలు చిన్న తొట్టిలోకీ నడిపి తొట్టిలోకీ దూకుతున్నాయి. ఎక్కడా లోపం లేదు.

"సరే, కానివ్వండి. లెక్కలోకి రాదు కదా," అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి యజమాని వచ్చాడు. అల్లుడు లేకుండా, ఒక్కడే. ఒకప్పుడు ఇదే తొట్టిలో మోచేతుల దాకా ముంచి పైకొచ్చినవాడు. తొట్టి అంచు దగ్గర వంగి, చిటికెనవేలు ముంచి తీసి వెలుగులో చూసుకున్నాడు. గోరు నీలంగా మెరిసింది.

"బాగా కడుగుతున్నావమ్మా," అన్నాడు.

"తప్పలేదయ్యా."

"తెలుసు. మొదటి వారం నుంచీ చూస్తున్నాను." షెడ్డు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. "అల్లుడు కదమ్మా. ఏమన్నా అంటే అమ్మాయి బాధపడుతుంది."

ఆమెకి అప్పటిదాకా భయంగా ఉండింది. ఆ మాటతో భయం పోయి ఒళ్ళు మండింది. ఈయనకి మొదటి వారం నుంచీ తెలుసు. తెలిసి తలూపాడు. కూతురు బాధపడకూడదని పన్నెండు మంది ఆడవాళ్ళని వీధిలో పెట్టడానికి కూడా ఒప్పుకున్నాడు.

"మా వదిన దగ్గర పనిచేసేవాళ్ళు కూడా ఎవరో ఒకరి అమ్మాయిలేనయ్యా," అంది.

ఆయన చేయి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అరవై తాన్లు ఒకే నీలంతో పైకి తేలాయి. మర్నాడు శుభ్రత శాఖ నాటకశాల తెరలు కడిగింది. ఆ తర్వాత నలభై తాన్ల ఆకుపచ్చ, ఆ తర్వాత మిగతావి, వచ్చిన వరసలో. ఇంకో నాలుగు రోజులకి మేస్త్రి చిన్న పనుల్ని కూడా ఒకదాని తర్వాత ఒకటి లేత నుంచి ముదురుకి కడిగించడం మొదలుపెట్టాడు. ఊడదీసిన నల్లబోర్డు సోడా గదిలో తేలింది. పొద్దున్నే అందరూ ఒకసారి సోడా గదిలోకి తొంగిచూసి పనిలోకి వెళ్ళేవాళ్ళు. చిన్నల్లుడు పొద్దున్నే తెర ముందు నిలబడి పనులు జరిగే తీరు చూసి మురిసిపోయేవాడు.

ముప్పయ్యో తారీఖున సభ. కుర్చీలు వేశారు. యజమాని మధ్యలో, పక్కన కూతురు. చిన్నల్లుడు నెల అంకెలు చదివాడు. సగటు ఒకటి. పక్క మిల్లులవాళ్ళు ఈ పద్ధతి గురించి చెప్పమని తనని పిలిచారట. చప్పట్లు పడ్డాయి.

"ఒక్క చిన్న లోపం కనిపెట్టాను," అన్నాడతను. "ఈ నెలలో కడుగుడు మరీ ఎక్కువైంది. కొన్నయితే తొమ్మిదేసి గంటలు. అందుకని రేపటి నుంచి కడుగుడుకి కూడా చీటీలు పెడుతున్నాం. పొట్టి కడుగుడు ముందు."

మేస్త్రి బోర్డక్క వైపు చూశాడు. బోర్డక్క యజమాని వైపు చూసింది. ఆమె ఇక తల దించుకోదలుచుకోలేదు.

"అయ్యా," అంది నిలబడి. "రేపు ఇంకో యాభై తాన్లంత కడుగుడుంది. అది అడుక్కి పోతే మళ్ళీ ఎప్పటికి తేలుతుందో మీరే చెప్పండి."

యజమాని తన చిటికెనవేలు వైపు చూసుకున్నాడు. గోటి చుట్టూ నీలం ఇంకా పూర్తిగా వదల్లేదు. పక్కన కూతురు ఉంది. ఎదురుగా షెడ్డంతా ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కడుగుడు జోలికి వెళ్ళకు అల్లుడూ. అది లెక్కలోకి రాదని నువ్వే చెప్పావుగా. నీ పద్ధతి నువ్వే తప్పుతావా?"

చిన్నల్లుడు ఆలోచించాడు. తన పద్ధతి తను తప్పకూడదన్న మాట అతనికి నచ్చింది. "నిజమే మామగారూ," అన్నాడు. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టారు, ఈసారి మనస్ఫూర్తిగా. నిజం చెప్పాల్సిన చోట ఆ పెద్దమనిషి అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఆ పిసినారితనాన్ని బోర్డక్క ఎప్పటికీ క్షమించలేదు.

సాయంత్రం గేటు పక్క బల్ల మీద వదిన కూర్చుని ఉంది. కళ్ళు పీక్కుపోయాయి, వేళ్ళ నిండా సూది గాట్లు. చేతిలో కత్తెర లేదు.

"అప్పజెప్పేశాను," అంది. "మళ్ళీ ఏడాది కూడా మాకే ఇస్తారట."

బోర్డక్క పక్కన కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది, దాచుకోకుండానే.

"ఎనిమిది అని చెప్పి పద్దెనిమిదికి ఇచ్చావు. అది మర్చిపోను," అంది వదిన.

"మర్చిపోకు వదినా. నేనూ మర్చిపోను."

"ఇంకోటి. నమూనా కన్నా రంగు ఒక పిసరు ముదిరిందని ఆసుపత్రివాళ్ళు అడిగారు. మిల్లు కడుగుడులో అలా అయిందన్నాను. బట్ట ఎక్కడైనా కడిగితే వెలుస్తుంది గానీ ముదురుతుందా అని నవ్వారు. ఏం చెప్పమంటావు?"

"మా మిల్లులో కడుగుడు అలాగే ఉంటుందని చెప్పు," అంది బోర్డక్క. అని లేచి, రేపటి వరస రాయడానికి సోడా గదిలోకి వెళ్ళింది.